మేజర్ అయ్యాక మళ్లీ మొదటి నుంచి: హైదరాబాదీ ఆబిద్ హసన్ సఫ్రానీ జీవితం

చేవెళ్లలో డిగ్రీ చదివే కుర్రాళ్లను, మొయినాబాద్ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్‌లో ఉన్న అమ్మాయిలను సైన్యంలో ఆఫీసర్ ఎలా అవుతారని అడిగి చూడండి. ఎక్కువ మంది నోట వచ్చే మాట ఎన్‌డీఏ. ఇంటర్‌లో ఉన్నప్పుడు ఆ పరీక్ష సంగతే తెలియలేదని కొందరు, రాసినా రాలేదని ఇంకొందరు చెబుతారు. ఇక ఆ యూనిఫాం తమకు రాసిపెట్టి లేదనుకుని అక్కడితో వదిలేస్తారు. నిజానికి ఆఫీసర్ అయ్యే దారి ఎప్పుడూ ఒక్కటే లేదు. ఇప్పుడు లేదు, బ్రిటిష్ కాలంలోనూ లేదు.

ఆ మాటకు మన హైదరాబాద్ నుంచే ఒక గట్టి ఉదాహరణ ఉంది. చదువు మధ్యలో ఆపి, ఏ అకాడమీ గేటూ దాటకుండా మేజర్ అయిన మనిషి ఆయన. కొన్నేళ్లకే ఆ హోదాకు విలువ లేకుండా పోయింది. 35 ఏళ్లు దాటాక మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి దేశానికి రాయబారి అయ్యారు. మనం రోజూ వినే జైహింద్ నినాదం వెనక కూడా ఆయన పేరే చెబుతారు. ఆయనే ఆబిద్ హసన్ సఫ్రానీ.

మూడు గేట్లు, మూడూ వద్దనుకున్నారు

ఆబిద్ హసన్ పూర్తి పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. 1911 ఏప్రిల్ 11న హైదరాబాద్‌లో పుట్టారు. తల్లి ఫక్రుల్ హాజియా బ్రిటిష్ పాలనను గట్టిగా వ్యతిరేకించిన మనిషి. చుట్టూ నిజాం సంస్థానం, దానిపైన తెల్లవాళ్ల పెత్తనం ఉన్న రోజుల్లో ఆ ఇంట్లో మాత్రం స్వాతంత్ర్యం ముచ్చట్లే నడిచేవి.

అప్పట్లో చదువుకున్న హైదరాబాద్ యువకుడు సైన్యంలో ఆఫీసర్ కావాలంటే ముఖ్యంగా మూడు దారులు ఉండేవి. మొదటిది ఇంగ్లండ్‌లోని శాండ్‌హర్స్ట్. అక్కడ భారతీయులకు 1918 నుంచి ఏడాదికి పది సీట్లు ఇచ్చారు. దేశం మొత్తానికి పదే! రెండోది దేహ్రాదూన్. 1932 అక్టోబరులో అక్కడ ఇండియన్ మిలిటరీ అకాడమీ మొదలైంది. 40 మంది ఉన్న ఆ తొలి బ్యాచ్‌లోనే శామ్ మానెక్‌షా కూడా చదివారు. మూడోది నిజాం సొంత సైన్యం.

దేహ్రాదూన్ గేట్లు తెరిచిన ఏడాది ఆబిద్‌కు 21 ఏళ్లు. వయసు సరిపోయేది, చదువుంది. కానీ మూడు దారుల్లోనూ చివరికి విధేయత చూపాల్సింది బ్రిటిష్ రాజుకో, ఆ రాజు నీడలో ఉన్న నవాబుకో. అది ఆయనకు నచ్చలేదు. శాసనోల్లంఘన ఉద్యమం రోజుల్లో కాలేజీ వదిలి సబర్మతి ఆశ్రమానికి వెళ్లారు. ఉద్యమంలో జైలుకు కూడా వెళ్లొచ్చారు. తర్వాత ఇంజినీరింగ్ చదవాలనుకున్నారు. అందరూ ఇంగ్లండ్ వైపు చూస్తుంటే ఆయన జర్మనీని ఎంచుకున్నారు.

అప్పటికి ఆయన రెజ్యూమె రాసి ఉంటే ఎలా ఉండేదో ఊహించండి. మధ్యలో ఆగిన కాలేజీ చదువు, ఒక జైలుశిక్ష, పరాయి భాషలో ఇంకా పూర్తికాని ఇంజినీరింగ్. సైనిక శిక్షణ సున్నా.

బెర్లిన్‌లో తేల్చుకోవాల్సిన మాట

1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. 1941 జనవరిలో సుభాష్ చంద్రబోస్ కలకత్తాలో గృహ నిర్బంధం నుంచి తప్పించుకుని, కాబూల్ మీదుగా ఏప్రిల్ నాటికి బెర్లిన్ చేరారు. అక్కడ ఫ్రీ ఇండియా సెంటర్ పెట్టి, జర్మనీలో ఉన్న భారతీయ విద్యార్థులను కూడగట్టడం మొదలుపెట్టారు.

ఆబిద్ ఆయన్ను కలిశారు. చదువు పూర్తి చేసి వచ్చి చేరతానని మొదట చెప్పారట. ఇలాంటి చిన్న విషయాల దగ్గరే ఆగిపోయేవాడు పెద్ద పనులేం చేస్తాడని బోస్ సూటిగానే అడిగారని చెబుతారు. ఆబిద్ చదువు ఆపి వచ్చేశారు. బోస్‌కు కార్యదర్శిగా, దుబాసీగా పనిచేశారు. ఆయన దగ్గరున్న అసలు అర్హత జర్మన్ భాష.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. అది హిట్లర్ జర్మనీ. శత్రువుకు శత్రువు మనకు మిత్రుడన్న లెక్కతో బోస్ అక్కడి సాయం, ఆ తర్వాత జపాన్ సాయం తీసుకున్నారు. అది సరైనదా కాదా అన్న వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఆబిద్ లాంటివాళ్లు ఆ బరువు తెలిసే ఆ దారిలో నడిచారు. అకాడమీలో చేరిన కుర్రాడికి పింఛన్, హోదా, దేశం గుర్తింపు ఉంటాయి. వీళ్లు ఓడిపోతే దొరికేది దేశద్రోహం కేసు.

ఒక పలకరింపుతో పరిష్కారం

ఉత్తర ఆఫ్రికాలో జర్మనీకి, ఇటలీకి పట్టుబడిన భారతీయ సైనికుల నుంచి ఒక దళాన్ని తయారు చేశారు. దాన్నే ఇండియన్ లీజియన్ అంటారు. డ్రెస్డెన్ దగ్గర కోనిగ్స్‌బ్రూక్‌లో శిక్షణ.

బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో చాలా రెజిమెంట్లు, కంపెనీలు కులాల వారీగా, మతాల వారీగా ఉండేవి. సిక్కులకు వేరే కంపెనీ, పంజాబీ ముస్లింలకు వేరే, జాట్లకు వేరే. లీజియన్‌లో అందర్నీ కలిపి ఒకే యూనిట్‌లో పెట్టారు. అక్కడే చిక్కు వచ్చింది. పొద్దున్నే ఒకరు రామ్ రామ్ అంటారు, ఇంకొకరు సత్ శ్రీ అకాల్, మరొకరు సలాం అలైకుం. చూడటానికి చిన్న విషయమే. కానీ పలకరించిన ప్రతిసారీ ఎవరు ఏ మతమో గుర్తుచేసుకునే సైన్యం ఒక సైన్యంగా ఎలా నిలబడుతుంది?

అందరికీ పనికొచ్చే పలకరింపు కావాలని బోస్ అనుకున్నప్పుడు జైహింద్ అనే మాటను సూచించింది ఆబిద్ హసనే అన్నది ఎక్కువగా వినిపించే కథనం. తమాషా ఏమిటంటే, అప్పటికి ఆయన రెజిమెంట్లు నడిపిన పాత సైనికుడు కాదు, ఇంజినీరింగ్ వదిలేసి వచ్చిన విద్యార్థి.

జెండా రంగు మీద గొడవ జరిగినప్పటి కథ కూడా ఒకటుంది. కాషాయం ఉండాలని హిందువులు, ఆకుపచ్చ ఉండాలని ముస్లింలు పట్టుబట్టారు. చివరికి హిందూ సైనికులు తమ పట్టు వదులుకున్నారు. అది ఆబిద్ మనసును తాకింది. ఆ కాషాయాన్నే తన పేరులో పెట్టుకున్నారు. సఫ్రానీ అంటే కాషాయ వర్ణం వాడు. హైదరాబాద్ ముస్లిం కుటుంబంలో పుట్టిన ఆబిద్ హసన్ అలా ఆబిద్ హసన్ సఫ్రానీ అయ్యారు.

సముద్రం అడుగున దాదాపు మూడు నెలలు

యూరప్‌లో కూర్చుంటే భారత్ సరిహద్దు చాలా దూరం. తూర్పున జపాన్ బర్మా దాకా వచ్చేసింది. అక్కడికి వెళ్లాలని బోస్ నిర్ణయించారు. దారి మొత్తం శత్రువు నౌకలు, విమానాలు. 1943 ఫిబ్రవరి 9న జర్మనీలోని కీల్ రేవు నుంచి యూ-180 జలాంతర్గామిలో బయల్దేరారు. వెంట తీసుకెళ్లిన భారతీయుడు ఒక్కరే, ఆబిద్ హసన్.

జలాంతర్గామి అంటే ఇరుకు పడకలు, డీజిల్ వాసన, ఎండ మొహం కనపడని రోజులు. అందులోనే బోస్ చెబుతుంటే ఆబిద్ రాసిపెట్టేవారు. ఆఫ్రికా కొస చుట్టి వచ్చి, ఏప్రిల్ చివర్లో మడగాస్కర్ దగ్గరి సముద్రంలో జపాన్ జలాంతర్గామి ఐ-29ను కలిశారు. అలలు ఎగిసిపడుతుంటే రబ్బరు తెప్ప మీద ఇద్దరూ ఇందులోంచి అందులోకి మారారు. మే మొదటి వారంలో సుమత్రాకు ఉత్తరాన ఉన్న సబాంగ్‌లో నేల మీద అడుగుపెట్టారు.

జూలైలో సింగపూర్‌లో రాస్ బిహారీ బోస్ నుంచి ఉద్యమ నాయకత్వం సుభాష్ చేతికి వచ్చింది. అక్టోబరు 21న ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించారు. జనగణమన ఆధారంగా ఆ ప్రభుత్వం హిందుస్తానీలో పాడుకున్న గీతం శుభ్ సుఖ్ చైన్. దాని రచనలో ఆబిద్ పాలు ఉంది. ఆజాద్ హింద్ ఫౌజ్‌లో ఆయన మేజర్ స్థాయికి ఎదిగారు.

భుజం మీద గుర్తు, కాలి కింద బురద

1944లో జపాన్ సైన్యంతో కలిసి ఫౌజ్ ఇంఫాల్ వైపు కదిలింది. అనుకున్నది జరగలేదు. ఇంఫాల్ పడలేదు. వానాకాలం వచ్చేసింది. తిండి లేదు, మందులు లేవు. మలేరియా, విరేచనాలు బుల్లెట్ల కంటే ఎక్కువ మందిని పడగొట్టాయి. కొండలు, బురద, పొంగే చింద్విన్ నది దాటుకుంటూ వేలమంది వెనక్కి నడిచారు. ఆ నడకలో ఆబిద్ హసన్ ఉన్నారు.

ఆయన వెనక ఉన్నది ఎవరు? పంజాబ్, ఫ్రాంటియర్ నుంచి వచ్చిన పాత సిపాయిలు కొందరు. తుపాకీ ఎన్నడూ పట్టని తోట కూలీలు, చిన్న వ్యాపారుల పిల్లలు మరికొందరు. మలయా, బర్మాల నుంచి చేరిన ఈ రెండో రకంలో తమిళులే ఎక్కువ. గెలుస్తున్నప్పుడు దళాన్ని నడపడం ఒక పని. ఓడిపోయి, ఆకలితో, జ్వరంతో వెనక్కి వస్తున్నప్పుడు మనుషులు చెదిరిపోకుండా చూడటం వేరే పని. ఆఫీసర్ అనే మాటకు అర్థం అక్కడే తేలుతుంది.

చాలా ఏళ్ల తర్వాత ఆయన ఇంఫాల్ నుంచి తిరిగొచ్చిన మనుషుల గురించి ఒక రచన చేశారు. అందులో ఆయన దృష్టంతా తన మీద కాదు, తనతో నడిచిన సైనికుల మీదే ఉంటుంది.

అదే యుద్ధం, ఇంకో వైపు ఇద్దరు

ఇదే సమయంలో మన ప్రాంతం యువకులు ఇంకో ఇద్దరు బర్మా యుద్ధంలోనే ఉన్నారు, కానీ ఎదుటి పక్షంలో. నిజాం కాలేజీలో చదివిన హైదరాబాదీ ఇద్రిస్ హసన్ లతీఫ్ 1942లో వైమానిక దళంలో చేరి, బర్మాలోని అరకాన్ రంగంలో యుద్ధ విమానం నడిపారు. తెలుగువారైన కె.వి.కృష్ణారావు 1942 ఆగస్టులో యుద్ధకాలపు కమిషన్‌తో మహార్ రెజిమెంట్‌లో చేరి బర్మాలో పనిచేశారు. ఇద్దరిదీ 1923లో పుట్టిన ఈడు.

తర్వాత లతీఫ్ 1978లో భారత వైమానిక దళాధిపతి అయ్యారు. కృష్ణారావు 1981లో సైన్యాధిపతి అయ్యారు. ఇద్దరూ స్వతంత్ర భారతానికి గొప్ప సేవ చేశారు. ఆబిద్ హసన్ మాత్రం మళ్లీ యూనిఫాం వేసుకోలేదు. వేసుకునే అవకాశమే లేదు.

ఒకే సీటు

1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయింది. 17వ తేదీన బోస్, కొద్దిమంది సహచరులు బ్యాంకాక్ నుంచి సైగాన్ చేరారు. వాళ్లలో ఆబిద్ కూడా ఉన్నారు. అక్కడి నుంచి వెళ్లే జపాన్ విమానంలో బోస్ వెంట ఇంకొక్కరికే చోటుందన్నారు. ఆ సీటులో కూర్చున్నది కల్నల్ హబీబుర్ రెహమాన్. మరునాడు ఆ విమానం తైహోకూలో కూలింది. బోస్ ఇక లేరన్న కబురు వచ్చింది. జలాంతర్గామిలో సముద్రం దాటి తోడొచ్చిన ఆబిద్, ఆ చివరి ప్రయాణంలో సైగాన్‌లోనే ఆగిపోయారు.

తర్వాత నిర్బంధం. ఎర్రకోటలో ఫౌజ్ అధికారుల మీద విచారణలు, దేశమంతా నిరసనలు. 1946లో ఆబిద్ విడుదలయ్యారు. కొంతకాలం కాంగ్రెస్‌లో పనిచేశారు.

1947లో స్వాతంత్ర్యం వచ్చింది. ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులను స్వతంత్ర భారత సైన్యం తిరిగి చేర్చుకోలేదు. సైనిక ప్రమాణం, క్రమశిక్షణ అన్న వాదనలే దానికి కారణం. దేశం కోసం సంపాదించుకున్న మేజర్ హోదా దేశం వచ్చాక చెల్లలేదు. కోపం తెచ్చుకుని కూర్చోవడానికి ఇంతకంటే పెద్ద కారణం ఏం కావాలి?

36, 37 ఏళ్ల వయసు. డిగ్రీ చేతిలో లేదు, హోదా లేదు. ఆయన దగ్గర మిగిలినవి భాషలు, భిన్నమైన మనుషులను ఒకచోట కూర్చోబెట్టగల నేర్పు, కష్టంలో తొణకని స్వభావం. అప్పుడే రూపుదిద్దుకుంటున్న భారత విదేశాంగ సేవకు అలాంటి మనుషులే కావాలి. ఆబిద్ హసన్ అందులో చేరారు. రెండు దశాబ్దాల పాటు ఈజిప్టు సహా పలు దేశాల్లో పనిచేశారు. డెన్మార్క్‌లో భారత రాయబారి అయ్యారు. 1969లో రిటైరై హైదరాబాద్ తిరిగొచ్చారు. 1984 ఏప్రిల్ 5న కన్నుమూశారు.

నేత కళను బతికించిన ఆయన సోదరుడి కుమార్తె సురయ్యా హసన్ బోస్, నేతన్నల పిల్లల కోసం రాయదుర్గం వైపు దర్గా ప్రాంతంలో ఒక బడి నడిపారు. దానికి పెట్టిన పేరు సఫ్రానీ మెమోరియల్. మొయినాబాద్ నుంచి అదేమంత దూరం కాదు. ఆ దారిన పోయే మనలో చాలామందికి ఆ పేరు ఎవరిదో తెలియదు.

మీ ముందున్న గేట్లు

ఆబిద్ లాగా చదువు మానేయమని ఈ కథ చెప్పడం లేదు. ఆయనకు తన దేశపు సైన్యం అంటూ లేదు, మీకు ఉంది. ఆయన ముందు మూడే గేట్లు, మీ ముందు పది దాకా ఉన్నాయి. ఏ గేటు దగ్గర మీరు నిలబడి ఉన్నారో చూసుకోండి. వయసు లెక్కలు నోటిఫికేషన్‌ను బట్టి కొద్దిగా మారతాయి కాబట్టి దరఖాస్తుకు ముందు తప్పక సరిచూసుకోండి.

ఇంటర్ దశలో: ఎన్‌డీఏ పరీక్షను యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల వయసు. ఆర్మీకి ఏ గ్రూపైనా సరే, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లకు మాత్రం మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి. ఇప్పుడు అమ్మాయిలకూ ప్రవేశం ఉంది. ఎంపీసీలో మంచి మార్కులు, జేఈఈ మెయిన్ స్కోరు ఉంటే ఆర్మీ టెక్నికల్ ఎంట్రీ మరో దారి.

ఏ డిగ్రీ అయినా: సీడీఎస్ కూడా ఏడాదికి రెండుసార్లే. దేహ్రాదూన్ అకాడమీకి సుమారు 24 ఏళ్ల వరకు, చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి 25 వరకు. చెన్నైకి అమ్మాయిలు కూడా వెళ్లొచ్చు. వైమానిక దళానికి ఏఎఫ్‌క్యాట్ ఉంది. దాని శిక్షణ కేంద్రం మన దుండిగల్‌లోనే.

ఎన్‌సీసీ చేసినవాళ్లకు: సి సర్టిఫికెట్‌లో కనీసం బి గ్రేడు, డిగ్రీలో 50 శాతం ఉంటే రాతపరీక్ష లేకుండా నేరుగా ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూకే పిలుపు. కాలేజీలో ఎన్‌సీసీ యూనిట్ ఉండి కూడా చేరనివాళ్లు పోగొట్టుకుంటున్నది ఇదే.

బీటెక్, లా, మెడిసిన్: ఇంజినీర్లకు 27 ఏళ్ల వరకు టెక్నికల్ ఎంట్రీలు ఉన్నాయి. ఎల్‌ఎల్‌బీ వాళ్లకు జాగ్ విభాగం. డాక్టర్లకు సైనిక వైద్య సేవలు.

జవానుగా చేరినా: అక్కడితో అయిపోలేదు. సర్వీసులో ఉంటూ పరీక్ష రాసి ఆర్మీ క్యాడెట్ కాలేజీ ద్వారా ఆఫీసర్ కావచ్చు. ఏదైనా ఉద్యోగంలో స్థిరపడ్డ పట్టభద్రులకు 42 ఏళ్ల దాకా టెరిటోరియల్ ఆర్మీ తలుపు ఉంది.

అమ్మాయిలు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి. భువనగిరిలో గురుకుల సొసైటీ నడిపే సాయుధ దళాల సన్నద్ధత మహిళా డిగ్రీ కాలేజీ ఉంది. డిగ్రీ చదువుతూనే ఈ పరీక్షలకు తయారు కావచ్చు.

వీటిలో ఆఫీసర్ పోస్టులకు దాదాపు అన్ని దారులూ ఎస్ఎస్‌బీ దగ్గర కలుస్తాయి. అయిదు రోజుల పాటు వాళ్లు చూసేది మీరెంత గట్టిగా మాట్లాడారని కాదు. ముక్కూమొహం తెలియని ఏడెనిమిది మందితో ఒక దుంగ, ఒక తాడు ఇచ్చి అడ్డంకి దాటమంటారు. వెనకబడ్డవాణ్ని మీరు పట్టించుకున్నారా, ఎదుటివాడి ఆలోచన బాగుంటే ఒప్పుకున్నారా, పని ఆగిపోతే తొణికారా అన్నది గమనిస్తారు. ఇది కోచింగ్‌లో వారంలో వచ్చేది కాదు. హాస్టల్లో, ఊళ్లో, గ్రౌండ్‌లో రోజూ అలవాటు కావాలి.

షార్ట్ సర్వీస్‌లో చేరితే పదేళ్లకు, మహా అయితే పద్నాలుగేళ్లకు బయటికి రావాల్సి రావచ్చు. అప్పుడు మీకు ముప్పై అయిదు దాకా ఉంటాయి, అంటే ఆబిద్ హసన్ చేతిలో ఏమీ లేకుండా మళ్లీ మొదలుపెట్టిన ఈడే. ఆయన విదేశాంగ సేవకు తీసుకెళ్లగలిగింది మేజర్ గుర్తును కాదు, ఆ దారిలో నేర్చుకున్న భాషలను, మనుషులను కలిపే నేర్పును. అందుకే ఈ వారం రెండు పనులు చేయండి. మీ వయసుకు, మీ డిగ్రీకి సరిపోయే నోటిఫికేషన్లు ఒక కాగితం మీద రాసుకోండి. మీ కాలేజీలో ఎన్‌సీసీ ఆఫీసర్ ఎవరో కనుక్కుని వెళ్లి కలవండి.